బడికోళ్లకు పిల్లల్ని ఎక్కడినుంచి తెప్పించాలి?

 

మీ వూరి బడి హెడ్మాస్టరుగారు ఒకనాడు మీ దగ్గరకు వస్తారు. "బడి వెనక స్థలం వుంది. పిల్లలు వుత్సాహపడుతున్నారు. ఒక యాభై కోడిపిల్లల్ని తెప్పించి పెంచుదామనుకుంటున్నాం. ఎక్కడ ఆర్డరిస్తే మంచిదంటారు?" అని అడుగుతారు. మీరేం చెబుతారు? మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటే - "ఎక్కడ చవకైతే అక్కడ తెప్పించండి సారూ, కోడిపిల్ల ఎక్కడైనా కోడిపిల్లేగా!"

యీ మాట పూర్వం నిజమే. ఇప్పుడు నిజం కాదు. ఎప్పటినుంచి కాకుండా పోయిందో, ఎందుకు పోయిందో ఇవాళ కాస్త ముచ్చటించుకుందాం. ఆ కథ తెలిస్తే హెడ్మాస్టరుగారికి ఏం చెప్పాలో మీకే తోస్తుంది.

మన ఇళ్లలో ఏం జరిగేదో గుర్తు చేసుకోండి. పెట్ట గుడ్లు పెట్టడం మాని, రెక్కలు విదిల్చి, గుర్రుమంటూ మూల చేరేది. పొదుగుకు వచ్చిందని ఇంటావిడ గ్రహించి, గంపలో గడ్డి పరిచి, పది పన్నెండు గుడ్లు పెట్టి దాన్ని కూర్చోబెట్టేది. 21 రోజులు! రోజుకొకసారి దిగి, నాలుగు గింజలు ఏరుకుని, నీళ్లు తాగి మళ్లీ ఎక్కేది. ముక్కుతో గుడ్లను తిప్పుతూ వుండేది. తిప్పకపోతే లోపలి పిండం పెంకుకు అతుక్కుపోతుందని శాస్త్రజ్ఞులు తర్వాత చెప్పారుగాని, కోడికి ఆ సంగతి ముందునుంచీ తెలుసు. పిల్లలు లేచాక వాటిని రెక్కల కింద దాచుకోవడం, గద్ద వస్తే అరవడం, అన్నీ తల్లే చూసుకునేది.

ఇందులో ఇంటావిడకు తెలిసినవి మూడు సంగతులు. తల్లి ఏ జాతిదో, పుంజు ఎవరింటిదో తెలుసు. ఆ మందలో పోయిన ఏడు తెగులు వచ్చిందో లేదో తెలుసు. పుట్టిన పిల్లకు వెచ్చదనం ఎక్కడ దొరుకుతుందో తెలుసు. హేచరీల చరిత్ర అంటే యీ మూడు సంగతులూ ఒక్కొక్కటిగా కొనేవాడి కంటికి కనబడకుండా పోయిన చరిత్రే.

పొదిగే పనిని కోడి దగ్గరనుంచి తీసుకున్న మొదటివాళ్లలో ఈజిప్టువాళ్లు ఒకరు. క్రీస్తుకు ముందు నాలుగో శతాబ్దిలోనే గ్రీకు పండితుడు అరిస్టాటిల్ యీ సంగతి రాశాడు. పచ్చి ఇటుకలతో పెద్ద పెద్ద పొయ్యి గదులు కట్టి, పిడకల సెగమీద వేలకొద్దీ గుడ్లు పొదిగేవారు. ఆ రోజుల్లో వేడిని కొలిచే సాధనమేదీ? పనివాడు గుడ్డును తన కనురెప్పకు ఆనించి చూసేవాడు. అదే థర్మామీటరు! యీ విద్య తండ్రినుంచి కొడుకుకు వచ్చేది. బయటివాళ్లకు చెప్పేవారు కాదు. 1749లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమూర్ దీన్ని గురించి పెద్ద పుస్తకమే రాశాడు. అందులో ఒక బేరం సంగతి వుంది. పొయ్యివాడికి 45,000 గుడ్లు అప్పగిస్తే అతడు 30,000 పిల్లల్ని తిరిగి అప్పగించాలి. మూడు గుడ్లకు రెండు పిల్లలన్నమాట.

న్యాయమైన బేరమే. అయితే అతడు పూచీపడింది లెక్కకు మాత్రమే. పిల్ల పదిహేనోరోజుకు బతికి వుంటుందా అన్నదానికి పూచీ లేదు. కోడిపిల్లల బేరంలో యీ ఖాళీ ఆనాటినుంచీ వుంది. మన హెడ్మాస్టరుగారికి దెబ్బ తగిలేది కూడా సరిగ్గా ఇక్కడే.

ఇక రెండో మలుపు. పిల్ల పెంకు పగలగొట్టుకుని వచ్చేముందు మిగిలిన పచ్చసొన దాని కడుపులోకి పోతుంది. ఆ బలంమీద అది రెండు మూడు రోజులు మేత లేకుండా వుండగలదు. కోడి మిగతా గుడ్లు పూర్తిగా పొదిగేవరకు ముందు పుట్టిన పిల్లలు ఆకలికి చావకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. దీన్ని మనిషి వ్యాపారానికి వాడుకున్నాడు. 1892లో అమెరికాలోని న్యూజెర్సీనుంచి జోసెఫ్ విల్సన్ అనే ఆయన ఒకరోజు పిల్లల్ని పెట్టెలో పెట్టి రైలుమీద షికాగోకు పంపాడు. 1918లో అక్కడి తపాలాశాఖ కోడిపిల్లల్ని పార్శిలుగా తీసుకోవడం మొదలుపెట్టింది, 72 గంటల్లో చేరాలన్న షరతుమీద. అంతే! కోడిపిల్ల ఎక్కడ పుడితేనేం, ఎక్కడికైనా పోవచ్చునన్న రోజులు వచ్చాయి.

పెట్టెలో పిల్లలతోపాటు ఇంకొకటి కూడా ప్రయాణం చేసింది. అది తెల్లపారుడు.

యీ జబ్బు గురించి కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే హేచరీ ఎంపికలో అసలు కిటుకు ఇక్కడే వుంది. యీ జబ్బు క్రిమిని 1900 ప్రాంతంలో లియో రెట్గర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. చిన్నప్పుడు జబ్బుచేసి బతికి బయటపడిన పెట్ట చూడడానికి శుభ్రంగా వుంటుంది. గుడ్లూ పెడుతుంది. కాని క్రిమి దాని గుడ్ల సంచిలో దాగి వుంటుంది. అక్కడినుంచి గుడ్డులోకి, గుడ్డులోనుంచి పిల్లలోకి పోతుంది. యంత్రంలో ఆ పిల్ల పుట్టినప్పుడు దాని నూగు గాలిలో ఎగిరి పక్కనున్న వందల పిల్లలకు అంటుకుంటుంది. ఇంట్లో కోడి పొదిగితే ఒక్క గంపతో పోయేది, యంత్రంలో ఒక్క పెట్టవల్ల వెయ్యి పిల్లలకు పోతుంది. రెండో వారంలో, మూడో వారంలో పిల్లలు రెక్కలు వేలాడేసి, వెనక సున్నంలాంటి తెల్లటి రెట్ట అంటుకుని చచ్చిపోతాయి. హేచరీలు పెరిగినకొద్దీ అమెరికాలో యీ జబ్బూ పెరిగింది. చివరకు 1935లో ప్రభుత్వమూ కోళ్లవాళ్లూ కలిసి ఒక జాతీయ పథకం పెట్టుకున్నారు. పిల్లల్ని అమ్మే హేచరీ తన తల్లికోళ్లకు రక్తపరీక్ష చేయించాలి. ఒక చుక్క రక్తం, ఒక చుక్క రంగుమందు పలకమీద కలిపితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. గడ్డలు కట్టితే ఆ పెట్టను మందలోనుంచి తీసేయాలి. యీ పద్ధతివల్ల ఆ జబ్బు అక్కడి వ్యాపారపు మందల్లోనుంచి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మందులవల్ల కాదు, తల్లిని పరీక్షించడంవల్ల!

కాబట్టి హేచరీని అడగవలసిన మొదటి ప్రశ్న "పిల్ల ధర ఎంత?" అని కాదు. "తల్లిమందకు తెల్లపారుడు పరీక్ష ఎప్పుడు చేయించారు? కాగితం చూపిస్తారా?" అని.

మూడో మలుపు జపాన్‌లో వచ్చింది. 1920లలో మసుయి, హషిమోతో అనే శాస్త్రజ్ఞులు ఒకరోజు పిల్ల వెనక భాగం చూసి అది పుంజో పెట్టో చెప్పే పద్ధతి కనిపెట్టారు. గుడ్లకోసం కోళ్లు పెంచేవాళ్లకు ఇది వరమైంది. మరి ఏరివేసిన పుంజుపిల్లలు ఏమవుతాయి? మీరు రోజూ చూస్తూనే వున్నారు. గంపల్లో, పెట్టెల్లో పచ్చరంగు, గులాబిరంగు అద్దిన పిల్లల్ని సంతల్లో, కాలనీ సందుల్లో అమ్ముతుంటారే, అవి చాలావరకు ఇవే. చవకే. ముద్దుగానూ వుంటాయి. కాని గుడ్డు పెట్టవు, కూరకు ఎదగడానికీ ఆలస్యమే. బడిపిల్లలు ముచ్చటపడి కొనమంటే కొనేరు సుమా!

ఇక మన దేశానికి వద్దాం. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో వుత్తరప్రదేశ్‌లోని ఎటాలో అమెరికన్ మిషనరీలు మేలుజాతి కోళ్ల క్షేత్రం పెట్టారు. 1927లో కుమావూ కొండల్లోని రాణిఖేత్ దగ్గర ఒక తెగులు బయటపడింది. అదే మన కొక్కెర తెగులు. ఒక రాత్రిలో వాడంతా ఖాళీ చేసే ఆ తెగులుకు ముక్తేశ్వర్‌లో టీకా తయారయ్యేదాకా మేలుజాతి కోళ్ల పెంపకం జూదంలాగే వుండేది. 1939లో ఇజ్జత్‌నగర్‌లో కోళ్ల పరిశోధన విభాగం వచ్చింది. 1952లో సమాజ వికాస పథకాలు మొదలైనాక బ్లాకుల్లో తెల్ల లెగ్‌హార్నులు, రోడ్ ఐలండ్ రెడ్‌లు కనబడసాగాయి. గ్రామసేవకులు సైకిలుమీద పుంజుల్ని తీసుకుపోయి వూళ్లలో ఇచ్చేవారు.

ఆ తర్వాతే బడికోళ్లు వచ్చాయి. 1959లో ఒరిస్సాలో, కొద్దికాలానికే మన రాష్ట్రంలోనూ, యూనిసెఫ్ వంటి అంతర్జాతీయ సంస్థల సాయంతో అనువర్తిత పోషకాహార పథకం మొదలైంది. బడితోట, చేపల చెరువు, కోళ్ల గూడు - వూరే పండించి, గర్భిణులకూ పసిపిల్లలకూ పెట్టాలని వుద్దేశం. మంచి వుద్దేశమే. కాని చాలాచోట్ల పరికరాలు నిలిచాయి, కోళ్లు నిలవలేదు. మేత, టీకా, సెలవుల్లో కాపలా - వీటికి దిక్కు లేకపోతే ఏ మందా నిలవదు. అవే సంవత్సరాల్లో, 1960ల తొలినాళ్లలో, యీ గోదావరి ఒడ్డున బొగ్గుబాయిలు లేచాయి. చుట్టుపక్కల వూళ్లనుంచి బాయి పనికి వచ్చినవాళ్లు క్వార్టర్ల వెనక కోళ్లు పెంచుకున్నారు. అవి నాటుకోళ్లే. వాటి పిల్లలకు హేచరీ అక్కర్లేదు.

హేచరీ మన ఇంటిముందుకు వచ్చింది 1971లో. ఆ యేడు డాక్టర్ బి.వి. రావుగారు హైదరాబాదులో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. అమెరికానుంచి వచ్చిన బాబ్‌కాక్ జాతితో గుడ్ల వ్యాపారం రూపమే మారిపోయింది. 1982లో గుడ్లధర రైతులే నిర్ణయించుకునేందుకు జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడడంలోనూ ఆయనే ముందున్నారు. తెలుగునాడు దేశంలో గుడ్లకు పేరుపొందిందంటే ఆ కాలపు కృషివల్లనే. అయితే ఒక సంగతి గమనించండి. యీ హేచరీలు ఏర్పడింది వేలకొద్దీ పిల్లల్ని తీసుకునే ఫారాలకోసం. 50 పిల్లలు కావాలన్న బడికి అక్కడ నేరుగా గుమ్మం లేదు. మధ్యలో ఏజెంటు వస్తాడు. ఆ లాటులో మిగిలినవి, యీ లాటులో మిగిలినవి కలిపి ఒక పెట్టెలో పెడతాడు. ఇంటావిడకు తెలిసిన మూడు సంగతుల్లో ఒక్కటీ ఆ పెట్టెమీద రాసి వుండదు.

నేను చూసిన ఒక బడి సంగతి చెబుతాను. పేర్లెందుకులెండి. ఏజెంటు ద్వారా నూరు పిల్లల్ని చవకగా తెప్పించారు. ఏ హేచరీవో బిల్లుమీద లేదు. మొదటి మూడు రోజులు మూడో నాలుగో పోయాయి, అది మామూలే. ఆరోరోజునుంచి పిల్లలు రెక్కలు వేలాడేశాయి. వెనక తెల్లటి రెట్ట. మూడు వారాలకు ముప్ఫయి మిగిలాయి. ఏజెంటునడిగితే "మీరు రాత్రి బల్బు ఆర్పారు, చలికి చచ్చాయి" అన్నాడు. నిజంగానే ఒక రాత్రి కరెంటు పోయింది. పంతులుగారు మాట్లాడలేకపోయారు. చచ్చినవాటిని పిల్లలు వేపచెట్టు కింద ఎప్పటికప్పుడు పూడ్చేశారు. వాటిలో రెండింటిని వెంటనే ఐసుపెట్టెలో పెట్టి పశువైద్యుని దగ్గరకు పంపివుంటే కోసి చూసి నిజం చెప్పేవారు. అదీ జరగలేదు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె "సార్, మాదే తప్పా?" అని అడిగింది. తప్పు ఎవరిదో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు. ఆ బడిలో మళ్లీ కోళ్ల మాట ఎత్తలేదు.

మరి ఎక్కడ తెప్పించాలి? హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఏర్పడింది. పెరటికోళ్లుగా వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అక్కడినుంచే వచ్చాయి. రాజశ్రీ జాతి పశువైద్య విశ్వవిద్యాలయం వారిది, అదీ రాజేంద్రనగరే. ఇవి రంగు కోళ్లు. తెల్ల లెగ్‌హార్నులాగా పంజరమూ తూచిన మేతా అడగవు, పెరట్లో ఏరుకు తింటాయి. వనరాజా మాంసానికీ గుడ్డుకూ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్డుకు. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే ఇవి అంతకు రెట్టింపు పైనే పెడతాయి. కాని ఇవి పొదగవని గుర్తుంచుకోండి. మంద ముసలిదైతే మళ్లీ పిల్లల్ని తెప్పించుకోవలసిందే. పొదిగే ముచ్చట పిల్లలకు చూపించాలనుకుంటే ఒక నాటు పెట్టను కూడా చేర్చుకోండి. గ్రామప్రియ గుడ్లనే దానికింద పెట్టవచ్చును.

ఇలాంటి సంస్థల్లో పిల్ల దొరకడానికి ముందుగా రాయించుకుని వారాలు ఆగవలసి వస్తుంది. ఆగండి. తల్లిమంద ఎక్కడున్నదో, ఏ పరీక్ష జరిగిందో అడిగితే చెప్పగలిగిన చోటు అది. ప్రైవేటు హేచరీలోనూ మంచివి వున్నాయి. అక్కడా అదే ప్రశ్న అడగండి. ఇంకొక ప్రశ్న కూడా వుంది. మారెక్ జబ్బు టీకా వేశారా? ఇది పుట్టినరోజే హేచరీలో మెడ దగ్గర చర్మం కింద వేయాలి, బడికి వచ్చాక వేసి లాభం లేదు. వేసినట్టు బిల్లుమీద రాయించుకోండి. కొక్కెర తెగులు టీకా మాత్రం మనదే బాధ్యత. మొదటివారంలో కంటిలో చుక్క, ఎనిమిదో వారంలో సూది. మధ్యలో వేయవలసినవాటిని మీ పశువైద్యుణ్ణి అడిగి రాసి పెట్టుకోండి.

బల్బూ, రాత్రి కాపలా మావల్ల కాదనే బడికి వేరే దారి వుంది. కొన్నిచోట్ల మదర్ యూనిట్లవాళ్లు పిల్లల్ని నాలుగు వారాలు పెంచి, టీకాలు వేసి అమ్ముతారు. ధర ఎక్కువే. కాని తెల్లపారుడు రావలసివుంటే ఆ నాలుగు వారాల్లోనే వచ్చిపోతుంది. ఆ నష్టం మీది కాదు. మొదటిసారి పెంచే బడికి నేనైతే ఇదే చెబుతాను.

ఎప్పుడు తెప్పించాలన్నది కూడా హేచరీ ఎంపికలో భాగమే. రామగుండం ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? 45 డిగ్రీలు మనకు వింత కాదు. రాజేంద్రనగర్‌నుంచి ఇక్కడికి 200 కిలోమీటర్లు పైబడిన దారి. పెట్టెలో నూరు పిల్లలు పట్టే చోట ఎండకాలం 80కి మించి పెట్టకూడదు. అదీ రాత్రి ప్రయాణమే. బడికి ఎండకాలం మాటే వద్దు. జూలైలో, వానలు పడి చల్లబడ్డాక తెప్పించండి. ఐదున్నర, ఆరు నెలలకు, సంక్రాంతి ప్రాంతంలో గుడ్లు మొదలవుతాయి. వేసవి సెలవులదాకా పిల్లలు తమ గుడ్డు తాము చూసుకుంటారు. నవంబరులో తెస్తే మొదటి గుడ్డు పెట్టేనాటికి బడికి తాళం పడుతుంది! వానకాలం పిల్లలకు రక్తపారుడు భయం వుంది. వరిపొట్టు తడవకుండా చూసుకుంటే చాలావరకు తప్పుతుంది.

ఆశలు కూడా లెక్కప్రకారం పెట్టుకోవాలి. 50 పిల్లల్లో సగం పుంజులు. పోయినవి పోగా 20 పెట్టలు మిగిలాయనుకోండి. ఒక్కొక్కటి ఏడాదికి 150 పెడితే మొత్తం 3,000, రోజుకు ఎనిమిది. నూరుమంది వున్న బడిలో ఒక్కొక్కరికి పన్నెండు రోజులకొక గుడ్డు. మధ్యాహ్న భోజనపు గుడ్డుకు ఇది బదులు కాదు. ఆ మాట ముందే చెప్పకపోతే వూళ్లో మాట వస్తుంది.

మన బెల్టువాళ్లకు ప్రత్యేకించి ఒక హెచ్చరిక. బొగ్గు చేతికందుతుంది గదా అని మూసిన గదిలో బొగ్గు కుంపటి పెట్టి పిల్లల్ని కాచకండి. ఆ పొగలో వుండే విషవాయువుకు వాసన వుండదు, రంగు వుండదు. ఆ గాలిని పసిగట్టేందుకే బ్రిటన్ బొగ్గుబాయిల్లో పంజరంలో చిన్న పిట్టల్ని దింపేవారు, 1986దాకా. పిట్టకు మనిషికన్నా ముందే తగులుతుంది. మన కోడిపిల్లా పిట్టే. కుంపటి తప్పనిసరైతే పైన గాలిపోయే దారి వుంచి, పక్కన మనిషి మెలకువగా వుండాలి.

ఇక పెట్టె వచ్చిన పొద్దున. తెల్లవారకముందే బస్సుకో రైలుకో ఎదురు వెళ్లండి. పొట్టు పరిచి, చుట్టూ అట్టతో గుండ్రంగా కంచె కట్టి, ముందురోజునుంచే బల్బు వెలిగించి వుంచండి. 50 పిల్లలకు నూరు వాట్ల బల్బు చాలు. పెట్టె విప్పగానే పిల్లలచేత లెక్క పెట్టించండి. నూటికి రెండు అదనంగా ఇచ్చే ఆనవాయితీ వుంది, అడగండి. చచ్చినవి ఎన్ని, ఏ గంటకు విప్పారు - ఒక నోటుపుస్తకంలో రాయించండి. పెట్టెమూతను, బిల్లును పారేయకండి. ఒక్కొక్క పిల్ల ముక్కును బెల్లం నీళ్లలో ఒకసారి ముంచి వదలండి, తాగడం నేర్చుకుంటుంది. ఒకటి రెండు గంటల తర్వాత కాగితంమీద మక్కజొన్న నూక చల్లండి. పిల్లలన్నీ బల్బు కిందే కుప్పపడితే చలేస్తున్నదన్నమాట, బల్బు దించండి. అంచులకు పోయి నోరు తెరిస్తే వేడెక్కువైందన్నమాట, పైకెత్తండి. మొదటి వారం రాత్రుళ్లు ఒక పెద్దమనిషి అక్కడే మంచం వేసుకుని పడుకోవాలి. పక్కన ఒక లాంతరు, నాలుగు గోనెపట్టాలు, కరెంటు పోయినప్పటికి.